కరీబియన్ దీవులకు కుటుంబంతో ఎలా వెళ్లాలి? ట్రినిడాడ్, టొబాగో ప్రయాణానికి ఒక ప్లాన్

కరీబియన్ టూర్ అంటే అమెరికాలో ఉండే మనవాళ్లలో చాలామందికి క్రూయిజే గుర్తొస్తుంది. ఓడ రోజుకో దీవి దగ్గర ఆగుతుంది, నాలుగైదు గంటలు తిరిగి ఫొటోలు తీసుకుని మళ్లీ ఓడెక్కుతారు. తప్పేం లేదు గానీ, ఇంటికొచ్చాక ఏ ఫొటో ఏ దీవిదో చెప్పడం కష్టం. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబమైతే ఒకే దేశం ఎంచుకుని వారం పాటు అక్కడే ఉండమంటాను. నాకు బాగా నచ్చినది ట్రినిడాడ్ అండ్ టొబాగో, రెండు దీవులు కలిసిన దేశం. పిల్లలకు కావలసిన సముద్రం టొబాగోలో ఉంది. పెద్దవాళ్లు కబుర్లు చెప్పుకోవడానికి కావలసినదంతా ట్రినిడాడ్‌లో ఉంది.

1. ముందు పాస్‌పోర్టులన్నీ బల్ల మీద పెట్టండి

బీచ్ ఫొటోలు చూసి హోటల్ బుక్ చేసేసి, తర్వాత వీసాల గురించి టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ. ఒకే కుటుంబంలో పిల్లలది అమెరికా పాస్‌పోర్టు, తల్లిదండ్రులది ఇండియన్ పాస్‌పోర్టు మీద హెచ్1బి, తాతయ్య నానమ్మలది విజిటర్ వీసా అయి ఉంటుంది. ఎవరి లెక్క వారిదే.

ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు టూరిస్టులుగా ట్రినిడాడ్ అండ్ టొబాగోకు వీసా లేకుండా 90 రోజుల దాకా వెళ్లవచ్చు. ఇలాంటి నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే రోజున మరోసారి చూసుకోండి. అసలు చిక్కు వెళ్లడంలో లేదు, అమెరికాకు తిరిగి రావడంలో ఉంది. హెచ్1బి వాళ్ల పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు ముగిసి ఉంటే, చేతిలో ఐ-797 (హెచ్1బి ఆమోద పత్రం) ఉన్నా సరిపోదు. కెనడా, మెక్సికోలకు 30 రోజుల లోపు వెళ్లొచ్చేవాళ్లకు ఉండే సడలింపు కరీబియన్ దీవుల విషయంలో ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్ఛేంజ్) వీసాల వాళ్లకే వర్తిస్తుంది. హెచ్1బి వాళ్లకు కాదు. కెనడాకు అలా వెళ్లొచ్చిన స్నేహితుడు "ఏం కాదులే" అన్నా నమ్మకండి. స్టాంపింగ్ లేకపోతే ఈసారికి ప్యూర్టోరికోకో, యూఎస్ వర్జిన్ ఐలాండ్స్‌కో వెళ్లండి. అవీ కరీబియన్ దీవులే, కానీ అమెరికా భూభాగం. అక్కడికి వెళ్లినా కాగితాలు మాత్రం వెంట ఉండాలి.

ఇక పసుపు జ్వరం, అంటే ఎల్లో ఫీవర్ సంగతి. ఇది చాలామందికి తెలియదు. ఈ జ్వరం ముప్పున్న ప్రాంతాల జాబితాలో ట్రినిడాడ్ ఉంది, టొబాగో లేదు. ట్రినిడాడ్‌లో ఉండి ఆరు రోజుల లోపు ఇండియాలో దిగేవాళ్లు టీకా సర్టిఫికెట్ చూపించాలి. లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది. అరవై దాటినవాళ్లకు ఈ టీకా మొదటిసారి వేయించే ముందు డాక్టర్‌ను తప్పకుండా అడగాలి, ఆ వయసులో దుష్ప్రభావాలు కాస్త ఎక్కువ. అమ్మానాన్నలు మీ దగ్గరకు అమెరికా వచ్చి ఉంటే సులువైన దారి ఉంది. ట్రినిడాడ్ నుంచి తిరిగొచ్చి, వారం పైన మీ దగ్గరే ఉండి, ఆ తర్వాత ఇండియా విమానం ఎక్కేలా తేదీలు చూసుకోండి.

2. నెల ఎంచుకోవడం

జనవరి నుంచి మే దాకా అక్కడ ఎండాకాలం, జూన్ నుంచి వానలు. అట్లాంటిక్ తుపాన్ల సీజన్ జూన్ 1న మొదలై నవంబర్ 30తో ముగుస్తుంది. ఈ రెండు దీవులూ బాగా దక్షిణాన, వెనిజులాకు దగ్గరగా ఉండటంతో పెద్ద తుపాన్లు సాధారణంగా వీటికి ఉత్తరంగా వెళ్లిపోతాయి. 2024 జులైలో బెరిల్ తుపాను అలాగే పక్కనున్న గ్రెనడా దీవులను చిన్నాభిన్నం చేసింది. అలాగని పూర్తి భరోసా లేదు. 1963లో ఫ్లోరా తుపాను టొబాగో మీదుగానే వెళ్లింది.

ఫిబ్రవరి, మార్చిల్లో కార్నివాల్ వస్తుంది. క్రైస్తవుల ఉపవాస కాలం మొదలయ్యే యాష్ వెడ్నెస్‌డేకు ముందు వచ్చే సోమ, మంగళవారాల్లో ట్రినిడాడ్‌లోని రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వీధులన్నీ వేషాలతో, పాటలతో ఊగిపోతాయి. కుర్రాళ్లకు పండగే. చిన్నపిల్లలతో, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో మాత్రం ఆ వారం వద్దు. గదుల రేట్లూ ఆకాశంలో ఉంటాయి.

స్కూలు సెలవులతో కుదిరితే మార్చి చివర, ఏప్రిల్ బాగుంటాయి. వాన ఉండదు, లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే కాలం అప్పటికే మొదలై ఉంటుంది.

3. టికెట్లు

పోర్ట్ ఆఫ్ స్పెయిన్ దగ్గరున్న పియార్కో విమానాశ్రయానికి మయామి, న్యూయార్క్, హ్యూస్టన్‌ల నుంచి నేరుగా విమానాలున్నాయి. ఇండియా నుంచి నేరుగా లేవు. లండన్ మీదుగానో, అమెరికా మీదుగానో రావాలి. అమెరికాలో విమానం మారినా అమెరికా వీసా కావాలి.

పియార్కో నుంచి టొబాగోకు విమానంలో పాతిక నిమిషాలే. ఫెర్రీ కూడా ఉంది గానీ దానికి మూడు, నాలుగు గంటలు పడుతుంది. ఆ సముద్రంలో అలలు ఎక్కువ, కారులో కూర్చుంటేనే వాంతులయ్యే పిల్లలుంటే ఆ ఆలోచన మానుకోండి. తిరుగు ప్రయాణంలో టొబాగో విమానానికీ, అమెరికా విమానానికీ మధ్య రెండు మూడు గంటలే పెట్టుకోవద్దు. ముందే ట్రినిడాడ్ చేరి, చివరి రోజులు అక్కడ గడిపేలా వేసుకుంటే నిశ్చింత.

4. ముందు టొబాగో: ఒళ్లు అలసిపోకుండా

విమానాశ్రయం పక్కనే క్రౌన్ పాయింట్. అక్కడ వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. స్టోర్ బే, పిజియన్ పాయింట్ బీచ్‌లు దగ్గరలోనే ఉంటాయి. పొద్దున్నే నానమ్మకు కాఫీ, మధ్యాహ్నం చంటాడికి పెరుగన్నం గదిలోనే అయిపోతే సగం గొడవలు తప్పుతాయి. రైస్ కుక్కర్ మోసుకెళ్లనక్కర్లేదు. బియ్యం, పప్పు, జీలకర్ర అక్కడి కొట్లలో మామూలుగా దొరుకుతాయి.

కారు అద్దెకు తీసుకుంటే స్టీరింగ్ కుడివైపు, నడపడం ఎడమవైపు. ఏళ్లుగా అమెరికాలో నడుపుతున్నవాళ్లు మొదటి రోజు ఇండికేటర్ బదులు వైపర్లు వేస్తూనే ఉంటారు. ఉత్తరం వైపు కొండదారులు ఇరుకు, మలుపులు ఎక్కువ. చీకటి పడకముందే తిరిగి రండి.

పిల్లలకు బాగా నచ్చేది బుక్కూ రీఫ్. అడుగున గాజు పలకలున్న పడవలో తీసుకెళతారు. పడవలో కూర్చునే పగడపు దిబ్బలు, రంగుల చేపలు చూడొచ్చు కాబట్టి ఈత రాని తాతయ్యలూ బయట మిగిలిపోరు. అక్కడి నుంచి నైలాన్ పూల్‌కు వెళతారు. సముద్రం మధ్యలో తెల్లటి ఇసుక తిన్నె, దాని మీద నడుము లోతు నీళ్లు. ఒడ్డు దూరంగా కనిపిస్తుంటే సముద్రం మధ్యలో నిలబడటం పెద్దవాళ్లకూ కొత్తే. లైఫ్ జాకెట్లు పిల్లల సైజువి ఉన్నాయా అని ఎక్కే ముందే అడగండి. పగడాల మీద కాలు పెట్టొద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. అవి ప్రాణులు, తొక్కితే చచ్చిపోతాయి. మన కాళ్లూ కోసుకుపోతాయి.

ఒక పొద్దున మెయిన్ రిడ్జ్ అడవికి ఉంచుకోండి. కొండల మీద చెట్లు కొట్టేస్తే వానలు పోతాయని భయపడి 1776లోనే చట్టం చేసి కాపాడిన అడవి ఇది. పశ్చిమార్ధగోళంలో చట్టం కాపాడుతున్న అడవుల్లో ఇదే పాతదని చెబుతారు. ఫ్లోరా తుపాను చాలా చెట్లను పడగొట్టింది, ఇప్పుడు కనిపించే పచ్చదనంలో చాలా వరకు ఆ తర్వాత పెరిగినదే. గిల్పిన్ ట్రేస్ అనే కాలిబాట తేలిక, కానీ బురద ఉంటుంది. గైడ్‌ను పెట్టుకోండి. ఆయన ఆగి చూపించే దాకా చెట్టు మీద పిట్ట ఉందని కూడా మనకు తెలియదు.

బీచ్‌లో ఒక జాగ్రత్త. మాంచినీల్ అనే చెట్టుకు చిన్న ఆకుపచ్చ ఆపిల్స్‌లాంటి కాయలుంటాయి. విషం. ఆ చెట్టు పాలు తగిలినా ఒళ్లు బొబ్బలెక్కుతుంది, వాన పడుతుంటే దాని కింద నిలబడటమూ ప్రమాదమే. రాలిన ఏ కాయనూ పిల్లలు ముట్టుకోకూడదని ముందే చెప్పేయండి.

తాబేళ్లను చూడాలనుకుంటే రాత్రిపూట గైడ్‌తోనే వెళ్లాలి. గ్రేట్ కోర్లాండ్ బే ఒడ్డుకు వస్తాయి. ఫ్లాష్, టార్చ్ రెండూ వద్దు. గంటలకొద్దీ ఎదురుచూసినా రాకపోవచ్చని పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి.

5. తర్వాత ట్రినిడాడ్: రెండు రోజులు చాలు, కానీ ఊరికే తిరగొద్దు

ఇక్కడ సొంతంగా కారు నడపడం కంటే హోటల్ వాళ్లు చెప్పిన డ్రైవర్‌ను రోజంతటికీ మాట్లాడుకోవడం మేలు.

మొదటి రోజు పొద్దున వాటర్‌లూ ఊరి దగ్గర సముద్రంలో ఉన్న గుడికి వెళ్లండి. సివ్‌దాస్ సాధు అనే కూలీ 1940లలో ఒడ్డున చిన్న గుడి కట్టుకున్నాడు. అది చక్కెర కంపెనీ స్థలమని గుడిని కూల్చేశారు, ఆయనను జైల్లో పెట్టారు. భూమి మీద చోటు లేదన్నారుగా, సముద్రం ఎవరిదీ కాదు కదా అని ఆయన రాళ్లు, సిమెంటు సైకిల్ మీద మోసుకెళ్లి నీళ్లలో దారి వేసి, ఏళ్ల తరబడి ఒంటిచేత్తో గుడి కట్టాడు. 1990లలో ప్రభుత్వం దాన్ని పూర్తిస్థాయిలో కట్టించింది. చుట్టూ అలలు, దారి పొడవునా జెండాలు. పక్కనే ఒడ్డున చితులు పేర్చే శ్మశానం కూడా ఉంది కాబట్టి అరుపులు, సెల్ఫీలు కాస్త తగ్గించుకోవాలి.

అక్కడికి దగ్గరలోనే కరపిచైమాలో 85 అడుగుల హనుమంతుడి విగ్రహం, దత్తాత్రేయ మందిరం ఉన్నాయి. మైసూరు దత్తపీఠం గణపతి సచ్చిదానంద స్వామివారికి చెందిన కేంద్రం ఇది. గుడి మన దక్షిణాది శైలిలో ఉంటుంది. విజయవాడ ఆశ్రమానికి వెళ్లే అలవాటున్న పెద్దవాళ్లకు ఇంత దూరంలో ఇది కనబడితే కలిగే సంతోషం చూసి తీరాలి.

ఈ గుళ్లన్నీ ఇక్కడికెలా వచ్చాయని పిల్లలు అడుగుతారు. 1845 మే 30న ఫతెల్ రజాక్ అనే ఓడలో మొదటి కూలీలు ఇక్కడ దిగారు. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో పనికి మనుషులు కావలసి వచ్చి 1917 దాకా అలా 1.4 లక్షల మందికి పైగా తెచ్చారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వచ్చిన భోజ్‌పురి ప్రాంతం వాళ్లు. మద్రాసు రేవు నుంచి వచ్చిన కొద్దిమందిలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల భాష మిగల్లేదు.

ఇప్పుడు జనాభాలో మూడో వంతుకు పైగా భారతీయ మూలాలున్నవాళ్లే. మనల్ని చూడగానే పలకరిస్తారు, ఇండియాలో ఎక్కడని అడుగుతారు. భజనలు హిందీలో పాడతారు, ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషు. "అయితే మీరు మన ఇండియన్సేగా" అని మాత్రం అనకండి. వాళ్లు ట్రినిడాడ్ వాళ్లు, ఆ మాట గర్వంగా చెప్పుకుంటారు. కులం, గోత్రం ఆరాలు అసలే వద్దు. కొట్లోకి అడుగుపెట్టగానే "గుడ్ మార్నింగ్" అనకుండా నేరుగా ధర అడిగితే మర్యాద తెలియనివాళ్లుగా చూస్తారు. తాతయ్య క్రికెట్ మనిషైతే సంభాషణ కోసం వెతుక్కోనక్కర్లేదు. 1971లో గవాస్కర్ మొదటి టెస్టు ఆడిందీ, 1976లో మనవాళ్లు 400 పైచిలుకు లక్ష్యాన్ని ఛేదించిందీ పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని క్వీన్స్ పార్క్ ఓవల్‌లోనే. ఇక్కడి పాతతరం స్పిన్ బౌలర్ సోనీ రామదీన్ పేరెత్తితే డ్రైవర్ కారు పక్కన ఆపి మరీ మాట్లాడతాడు.

సాయంత్రం నాలుగింటికల్లా కరోనీ చిత్తడి నేలల దగ్గర పడవ ఎక్కాలి. పొద్దు వాలే వేళకు స్కార్లెట్ ఐబిస్ పక్షులు గుంపులుగా మడ చెట్ల మీదకు చేరతాయి. ఆ ఎరుపు ఫొటోల్లో రంగు పెంచారేమో అనిపిస్తుంది గానీ, పెంచలేదు. తినే రొయ్యలు, పీతల వల్లే ఆ రంగు. పిల్ల పక్షులు బూడిద రంగులో ఉంటాయి. దోమల మందు పూసుకోకుండా ఎక్కొద్దు.

రెండో రోజు మరాకస్ బీచ్. కొండ అంచున వెళ్లే ఆ రోడ్డును రెండో ప్రపంచయుద్ధం నాడు అమెరికా సైన్యం వేసింది. అలలు బలంగా లాగుతాయి, జెండాల మధ్యే ఈత. టొబాగోలో అలవాటైన పిల్లలు ఇక్కడా అలాగే దూకేస్తారు, కనిపెట్టుకుని ఉండండి.

6. తిండి

శాకాహారులకు కరీబియన్‌లో ఇంత తేలికైన చోటు ఇంకోటి లేదనుకుంటాను. పొద్దున్నే రోడ్డు పక్క బండి మీద డబుల్స్ తినండి. మెత్తటి రెండు బారాల (నూనెలో వేయించిన పూరీల్లాంటివి) మధ్య శనగల కూర, పైన చింతపండు చట్నీ, కీరా. మధ్యాహ్నం దాల్‌పూరీ రోటీలో గుమ్మడికాయ, బంగాళాదుంప కూరలు పెట్టించుకోండి. మాంసాహారులకు టొబాగో పీతల కూర, మరాకస్‌లో బేక్ అండ్ షార్క్ (రొట్టెలో పెట్టిన సొరచేప వేపుడు) ఉన్నాయి. అన్నిట్లోనూ ఒక రకం ఘాటు కొత్తిమీర వాసన వస్తుంది, నాకు తెగ నచ్చింది.

కారం ఎంత అని అడిగితే "స్లైట్" అనండి. మేం గుంటూరు వాళ్లం అనే ధీమా ఇక్కడ పనికిరాదు. 2012లో ప్రపంచంలోకెల్లా ఘాటైనదిగా తేలిన మొరూగా స్కార్పియన్ మిరప ఈ దీవిదే.

7. డబ్బు, భద్రత, సామాను

ఒక అమెరికా డాలరుకు 6.7 ట్రినిడాడ్ డాలర్లు వస్తాయి, కాస్త అటూ ఇటూగా. ఎవరైనా డాలర్లలో ధర చెబితే ఏ డాలరో అడగండి. హోటల్ రేటులో పన్ను, సర్వీస్ ఛార్జి కలిశాయో లేదో కూడా. బండ్ల దగ్గర నగదే.

నేరాల సంగతి దాచకుండా చెప్పాలి. ముఠాల హింస వల్ల 2024 డిసెంబర్ చివర్లో, మళ్లీ 2025లో ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. టికెట్ కొనేముందు, బయల్దేరే ముందు ప్రయాణ హెచ్చరికలు చూడండి. పరిస్థితి బాగోలేదంటే ట్రినిడాడ్ రోజులు తీసేసి టొబాగోకే పరిమితం కండి. వెళ్లినా పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో చీకటి పడ్డాక నడక వద్దు, నగలు ఇంట్లోనే వదిలేయండి.

సైనికుల దుస్తుల్లాంటి మచ్చల డిజైన్ బట్టలు అక్కడ పౌరులు వేసుకోవడం చట్టవిరుద్ధం. పిల్లల టీషర్టులు, టోపీలు, బ్యాగులకూ ఇదే వర్తిస్తుంది. సర్దేటప్పుడే తీసి పక్కన పెట్టండి.

తిరిగొచ్చేటప్పుడు పెప్పర్ సాస్, కుచేలా అనే మామిడి పచ్చడి సీసాలు చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గరే పోతాయి. పచ్చి మామిడికాయలు, మొక్కలు అమెరికాలోకి రానివ్వరు. పెద్దవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని ఉంటే ఆ సర్టిఫికెట్ (పసుపు కార్డు) పాస్‌పోర్టులోనే పెట్టి ఉంచండి.