వర్డ్‌ప్రెస్ నేర్చుకుందాం – 6వ పాఠం: తీసేసింది తిరిగి తెచ్చుకోవడం

పోయిన పాఠంలో, సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో పోస్టు రాసి పబ్లిష్ చేయడం చూశాం. ఈసారి దాన్ని తీసేద్దాం, మళ్లీ తెచ్చుకుందాం. అసలు పోస్టుల జోలికి వెళ్లకుండా ‘పరీక్ష’ అని ఒక చిన్న పోస్టు పబ్లిష్ చేసి దాని మీద సాధన చేయండి.

డాష్‌బోర్డులో ఆల్ పోస్ట్స్ తెరిచి, టైటిల్ మీదకు మౌస్ తీసుకెళ్తే కింద ఎడిట్, క్విక్ ఎడిట్, ట్రాష్, వ్యూ కనిపిస్తాయి. ట్రాష్ (చెత్తబుట్ట) నొక్కండి. సైటులో పోస్టు మాయమవుతుంది, పాత లింకు తెరిస్తే పేజీ దొరకలేదని వస్తుంది. అయినా డేటాబేస్‌లో అది అలాగే ఉంటుంది, దాని హోదా (స్టేటస్) మాత్రమే మారింది.

నొక్కిన వెంటనే జాబితా పైన అన్‌డూ అని ఒక లింకు వస్తుంది. పొరపాటున నొక్కి ఉంటే దాన్నే వాడండి, పోస్టు ముందు ఎలా ఉందో అలాగే, అంటే పబ్లిష్ అయ్యే వచ్చేస్తుంది. ఆ పేజీ దాటిపోతే ఆ లింకు ఉండదు. అప్పుడు జాబితా పైనున్న ట్రాష్ విభాగంలోకి వెళ్లి రీస్టోర్ నొక్కాలి. ఇక్కడే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది: రీస్టోర్ చేశాం, సైటులో చూస్తే పోస్టు లేదు! వర్డ్‌ప్రెస్ 5.6 వెర్షన్ నుంచి రీస్టోర్ చేసిన పోస్టు డ్రాఫ్టుగానే, అంటే పబ్లిష్ కాని చిత్తుప్రతిగానే వస్తుంది. తెరిచి, ఒకసారి చదువుకుని, మీరే మళ్లీ పబ్లిష్ చేయాలి. నాకైతే ఈ పద్ధతే నచ్చింది, ఏదో కారణంతో తీసేసిన పోస్టు చూసుకోకుండా జనం ముందుకు వెళ్లదు.

లింకు సంగతి కూడా గుర్తుంచుకోండి. పోస్టు ట్రాష్‌లో ఉండగా అదే లింకు పేరుతో ఇంకో పోస్టు పెడితే, ఆ పేరు కొత్తదానికి వెళ్లిపోతుంది. పాతది తిరిగొచ్చినప్పుడు దాని లింకు చివర ‘-2’ చేరుతుంది.

ట్రాష్‌లో పడినవి మామూలుగా 30 రోజులు ఉంటాయి. ఆ తర్వాత వర్డ్‌ప్రెస్ తానే తుడిచేస్తుంది. డిలీట్ పర్మనెంట్లీ గానీ ఎంప్టీ ట్రాష్ గానీ నొక్కితే ఆ గడువు కూడా ఉండదు. పోస్టుతో పాటు దాని పాత రివిజన్లు (ముందు సేవ్ అయిన రూపాలు) కూడా పోతాయి.

ఇక ఫొటోలు. ఈ పాఠంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి: మీడియా లైబ్రరీలో మామూలుగా ట్రాష్ ఉండదు. ఫొటో డిలీట్ చేస్తే సర్వర్‌లో అసలు ఫైలూ, దాని చిన్న సైజులూ అన్నీ అప్పుడే పోతాయి. ఆ ఫొటో వాడిన పోస్టుల్లో మాత్రం దాని చోటు అలాగే ఉండి, బొమ్మ లేని ఖాళీ కనబడుతుంది. లైబ్రరీలో అప్‌లోడెడ్ టు అనే కాలమ్ చూసి ఇది ఎక్కడా వాడలేదు అనుకోవద్దు. ఆ ఫొటో ఏ పోస్టుకు జతపడి ఉందో ఆ ఒక్కటే అక్కడ కనిపిస్తుంది, తర్వాత ఇంకెన్ని పోస్టుల్లో పెట్టారో చెప్పదు. అందుకే స్థలం చాలడం లేదని ఫొటోలు తీసేసేముందు వాటిని మీ కంప్యూటర్‌లోకి దింపి పెట్టుకోండి.

పోస్టులను విషయాల వారీగా విడదీసే కేటగిరీలకూ ట్రాష్ లేదు. కాకపోతే కేటగిరీ తీసేసినా అందులోని పోస్టులు పోవు. వేరే కేటగిరీ లేని పోస్టులు డిఫాల్ట్ కేటగిరీలోకి చేరతాయి.

ట్రాష్ కూడా దాటిపోయినవాటికి బ్యాకప్ (ముందే దాచుకున్న నకలు) ఒక్కటే దారి. దాన్ని తీసుకోవడం వచ్చే పాఠంలో చేద్దాం. ఈలోగా ‘పరీక్ష’ పోస్టును ఒకసారి అన్‌డూతో, ఒకసారి రీస్టోర్‌తో తెచ్చి తేడా చూడండి.