హరికేన్ సీజన్ వస్తోంది: డబ్బా ఫుడ్ తెచ్చుకున్నారు సరే, ఓపెనర్ సంగతి చూశారా?

జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా అట్లాంటిక్ హరికేన్ సీజన్. అందులోనూ ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లోనే గండం ఎక్కువ. అమెరికాలో హ్యూస్టన్, టాంపా వైపు ఉన్న మనవాళ్లు వార్నింగ్ రాగానే స్టోర్‌కి పరిగెత్తి నీళ్లు, బ్యాటరీలు, కాబూలీ శనగలు, రాజ్మా, కొబ్బరిపాలు, మామిడి గుజ్జు క్యాన్లు కార్టు నిండా తెచ్చేసుకుంటారు. మంచిదే. కానీ ఇంట్లో ఉన్న ఓపెనర్ కరెంటుతో తిరిగేదైతే అవన్నీ ఎలా తెరుస్తారు? 2024 జులై 8న బెరిల్ టెక్సస్ తీరాన్ని దాటినప్పుడు అది కేటగిరీ 1 తుఫాను మాత్రమే, అయినా హ్యూస్టన్ చుట్టుపక్కల 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, చాలామందికి రోజుల తరబడి రాలేదు. అమెరికా ప్రభుత్వం చెప్పే ఎమర్జెన్సీ కిట్ జాబితాలో చేత్తో తిప్పే క్యాన్ ఓపెనర్ ఉన్నది అందుకే.

ఓపెనర్ దొరక్కపోతే మన ఇళ్లలో ఏం చేస్తామో అందరికీ తెలుసు. కత్తి మొన మూత మీద ఆనించి పైనుంచి పప్పుగుత్తితోనో రోకలితోనో ఒక్కటి వేస్తాం. కత్తి జారితే నేరుగా డబ్బా పట్టుకున్న ఎడమ అరచేతిలోకే దిగుతుంది. వేసవిలో ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలు, అత్తమామలు సరిగ్గా ఈ సీజన్‌లోనే ఇక్కడుంటారు, ఆగస్టులో దిగే స్టూడెంట్స్ కూడా అంతే. ఊరు కొత్త, కిచెన్ కొత్త, కరెంటు లేదు, రోడ్ల మీద నీళ్లు. ఆ టైంలో చెయ్యి తెగితే ఆసుపత్రికి వెళ్లడం కూడా కష్టమే. అందుకే ఈ చిన్న వస్తువు గురించి ఇంత చెప్పాల్సి వస్తోంది.

మామూలు ఓపెనర్ చక్రం మూతలోకి దిగి, అంచుకి లోపలి వైపున కోసుకుంటూ పోతుంది. మూత చుట్టూ పదునైన అంచు మిగులుతుంది, ఆ మూత కాస్తా గుజ్జులోనో పులుసులోనో పడిపోతుంది, దాన్ని పైకి లాగబోయే వేలే తెగుతుంది. చక్రం తిండికి తగులుతుంది కాబట్టి ప్రతిసారీ కడగాలి. సేఫ్టీ ఓపెనర్ పని వేరు. మూతనీ డబ్బానీ కలిపి మడిచిన గట్టి అంచు ఒకటి పైన చుట్టూ ఉంటుంది కదా, దాన్ని బయట పక్క నుంచి కోస్తుంది. అంచుతో సహా మూత మొత్తం ఊడి వస్తుంది, డబ్బా మీదా మూత మీదా పదును ఉండదు, మూత లోపల పడదు, చక్రం తిండికి తగలదు. నీళ్లు పొదుపుగా వాడుకోవాల్సిన రోజుల్లో ఓపెనర్‌ని తుడిచి పక్కన పెట్టేయగలగడం చిన్న విషయం కాదు. చీకట్లో, టార్చ్ వెలుతురులో, పక్కన పిల్లలు తిరుగుతున్నప్పుడు పదును లేని మూత ఎంత ధీమా ఇస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇబ్బందులూ ఉన్నాయి, అవి ముందే తెలుసుకోవాలి. మొదటిది, అలవాటు లేనివాళ్లకి దాన్ని ఎలా పెట్టాలో అర్థం కాదు. మామూలు ఓపెనర్‌ని డబ్బాకి పక్కన నిలబెట్టి పట్టుకుంటాం, చాలా సేఫ్టీ ఓపెనర్లని మూత పైన అడ్డంగా పడుకోబెట్టాలి. కోస్తున్నట్టు పైకి ఏమీ కనపడదు, మూత కదలదు, దాంతో చాలామంది పనిచేయట్లేదనుకుని తిప్పుతూనే ఉంటారు. అక్కడే ప్రమాదం. ఒక్క చుట్టు పూర్తవగానే అప్పటిదాకా బిగువుగా తిరుగుతున్న పిడి వదులవుతుంది, ఆపేయాల్సింది అప్పుడే. కోసిన చోటే మళ్లీ కోస్తే సన్నటి ఇనుప పొరలు లేస్తాయి, అవి తిండిలో పడితే గొంతులోకి పోతాయి. చుట్టు పూర్తయ్యాక పిడిని కాస్త వెనక్కి తిప్పి వదిలించండి, ఓపెనర్ పక్కనే చిన్న ముక్కులాంటి పట్టకారు ఉంటే దాంతో మూత ఎత్తండి. ఎత్తాక టార్చ్ వేసి అంచు చుట్టూ ఒకసారి చూడండి, దారంలా ఏదైనా వేలాడుతుంటే తీసేయండి. పదును లేదన్నాం కదా అని అంచు మీద వేలు పెట్టి రుద్దకండి.

రెండోది నీళ్లు వంపడం. శనగల డబ్బాలో నీళ్లు తీయాలంటే మామూలు ఓపెనర్‌తో కోసిన మూతని లోపలికి నొక్కి వంపేస్తాం. సేఫ్టీ ఓపెనర్‌తో వచ్చిన మూత డబ్బా నోటికంటే పెద్దది, లోపలికి వెళ్లదు. మూత అడ్డం పెట్టి వంపితే నీళ్లతో పాటు శనగలూ సింక్‌లో పడతాయి, చిల్లుల గిన్నె దగ్గర పెట్టుకోవాల్సిందే. (తుఫాను రోజుల్లో అయితే ఆ నీళ్లు పారబోయకుండా కూరలోనే వేసేయండి, ఉప్పు తగ్గించుకుంటే సరిపోతుంది.)

మూడోది అన్నిటికంటే ముఖ్యం. అంచు మీద సొట్ట ఉన్న డబ్బాని సేఫ్టీ ఓపెనర్ సరిగా పట్టుకోలేదు, సొట్ట దగ్గరికి రాగానే జారిపోతుంది. (అలాంటి డబ్బాని మామూలు ఓపెనర్‌తోనూ తెరవకండి, పారేయాల్సిందే, ఎందుకో కింద చెప్తాను.) కోడిగుడ్డు ఆకారంలో ఉండే చేపల డబ్బాలు, నలుచదరం డబ్బాల మూలల దగ్గరా అదే గొడవ. చిత్తూరు వైపు ఫ్యాక్టరీల నుంచి ఎక్కడెక్కడికో వెళ్లే తోతాపురి గుజ్జు డబ్బాల్లో 3.1 కిలోలవి ఉంటాయి, పార్టీలకి తెస్తుంటారు, వాటిని తిప్పడానికి మణికట్టులో బలం కావాలి. కీళ్లనొప్పులున్న పెద్దవాళ్లకి ఈ పని అప్పగించకండి.

కాబట్టి నా మాట, రెండూ ఉంచుకోండి. రోజూ వాడేదీ, తుఫానులో ముందుగా చేతికి తీసుకునేదీ సేఫ్టీ ఓపెనర్ కావాలి. కిట్‌లో తోడుగా గట్టి ఇనుప మామూలు ఓపెనర్ ఒకటి పడి ఉండాలి, సేఫ్టీది మొరాయిస్తే అదే దిక్కు. రెండు కొనే బడ్జెట్ లేని స్టూడెంట్స్ ఒక్కటే కొనేటట్టయితే, రూమ్మేట్స్ అందరికీ దాన్ని వాడడం వచ్చి ఉండాలి. కరెంటు ఉండగానే, పగటిపూట, ఇంట్లో ప్రతి ఒక్కరూ తలా ఒక డబ్బా తెరిచి చూడండి. అమ్మకి వీడియో చూపిస్తే సరిపోదు, ఆవిడ చేతికిచ్చి తిప్పించండి. తుడిచాక పూర్తిగా ఆరనిచ్చి పెట్టండి, తుప్పు పట్టిన చక్రం కోయదు, నలుపుతుంది.

"ఇవన్నీ ఎందుకండీ, రింగ్ లాగే డబ్బాలు కొంటే పోలా?" అనేవాళ్లుంటారు. నిజమే, సులువు. కానీ ఆ మూత అంచు కూడా బ్లేడే, లాగేటప్పుడు వేళ్లు తెగేది దానికే. పైగా వరద నీళ్లు ఇంట్లోకొస్తే రింగ్ మూతల డబ్బాలూ, మర మూతల సీసాలూ పారేయమనే అమెరికా ఆహార భద్రతా అధికారులు చెబుతారు, ఆ మూతల సందుల్లోంచి మురికి నీళ్లు లోపలికి వెళ్లొచ్చు కాబట్టి. ఓపెనర్‌తోనే తెరవాల్సిన గట్టి డబ్బాలు మాత్రం సొట్ట, చిల్లు లేకుండా ఉంటే శుభ్రం చేసి వాడుకోవచ్చు. అందుకని మీ స్టాక్‌లో సగమైనా అలాంటివి ఉండనివ్వండి.

డబ్బా ఉబ్బినా, కారుతున్నా, తెరవగానే లోపలున్నది చిమ్మినా నాలుక మీద చుక్క కూడా వేసుకోవద్దు. వేలు పట్టేంత లోతు సొట్ట ఉన్నదీ, అంచు అతుకు మీద సొట్ట పడ్డదీ పారేయండి. బొట్యులిజం అనే జబ్బు తెచ్చే విషం రంగు, వాసన, రుచిలో తెలియదు, నరాలని పట్టేస్తుంది. ఆకలిగా ఉంది కదా అని రిస్క్ తీసుకునే విషయం కాదిది.

ఫ్రిజ్ పనిచేయనప్పుడు తెరిచిన డబ్బాలోది 2 గంటల్లో, గది వేడి 32 డిగ్రీలు దాటితే 1 గంటలోనే తినేయాలి. టెక్సస్ ఎండాకాలంలో ఏసీ లేని ఇల్లంటే రెండోదే లెక్క. అందుకే 850 గ్రాముల డబ్బాలు చవకని మోసుకు రాకండి, ఒక పూటకి సరిపోయే 400 గ్రాములవే తెచ్చుకోండి. వేడి చేయాలంటే గిన్నెలో వేసుకుని చేయండి, మూసిన డబ్బాని స్టవ్ మీద పెడితే పేలుతుంది. బొగ్గుల గ్రిల్, క్యాంప్ స్టవ్ ఇంట్లో వెలిగించకండి, కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇంత చెప్పినా చెయ్యి తెగితే పసుపు, కాఫీ పొడి అద్దకండి, తర్వాత గాయం కడగాల్సిన డాక్టర్‌కి అవే అడ్డం. తాగే నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డ పెట్టి, మధ్యలో తీసి చూడకుండా 10 నిమిషాలు గట్టిగా నొక్కి పట్టి, చెయ్యి పైకెత్తి ఉంచండి. రక్తం ఆగకపోయినా, వేలు వంగకపోయినా, వేలి కొస మొద్దుబారినా నరమో, కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే టెండనో తెగి ఉండొచ్చు, ఆలస్యం చేయకుండా వైద్యం అందుకోవాలి. వరద మురికి తగిలిన గాయమైతే, టెటనస్ ఇంజెక్షన్ వేయించుకుని 5 ఏళ్లు దాటిందేమో చూసుకోండి.

ఇక వరద తగిలిన గట్టి డబ్బాల సంగతి. ముందు లేబుల్ పీకేయండి, దాని కింద బురద దాక్కుంటుంది. లోపల ఏముందో, ఎప్పటిదాకా వాడొచ్చో చెరగని మార్కర్‌తో డబ్బా మీదే రాయండి. సబ్బునీళ్లతో తోమి కడిగాక ఒక గ్యాలన్, అంటే సుమారు 3.8 లీటర్ల మంచినీళ్లలో ఒక టేబుల్ స్పూన్ వాసన లేని బ్లీచ్ కలిపి అందులో 15 నిమిషాలు ముంచి ఉంచండి. తీసి గాలికి ఆరబెట్టండి. ఓపెనర్‌ని కూడా కడిగి అదే బ్లీచ్ నీళ్లలో అంతసేపూ ముంచి ఉంచి, తీసి, ఆరాకే మూతకి తగిలించండి.