క్లిక్ మన్నంత మాత్రాన సేఫ్టీ పడినట్టు కాదు

1911 అనే రకం పిస్టల్‌కి బొటనవేలితో వేసే సేఫ్టీ మీట మార్చాలనుకుంటే ముందు ఒక సంగతి బుర్రలో పెట్టుకోవాలి. మీట పైకి నెట్టగానే వినిపించే క్లిక్ వేరు, పిస్టల్ పేలకుండా ఆపే పని వేరు. ఆ చప్పుడు చేసేది పక్కన సన్న గొట్టంలో స్ప్రింగ్ మీద కూర్చున్న చిన్న చీల. తూటా పేలడానికి వెనకనుంచి కొట్టే భాగం హ్యామర్. దాన్ని ట్రిగ్గర్ నొక్కేదాకా పట్టి ఉంచే సియర్‌కి అడ్డం పడేది మాత్రం మీట లోపలి వైపున్న బుడిపె. బుడిపెని రుద్ది రుద్ది పొట్టి చేసేసినా మీట క్లిక్ మంటూనే ఉంటుంది. ఇబ్బందంతా అక్కడే.

టెక్సాస్‌లో నేను మొదటిసారి ఈ పనికి కూర్చున్నప్పుడు ప్యాకెట్ మీద ‘డ్రాప్-ఇన్’, అంటే నేరుగా పెట్టేస్తే సరిపోతుంది, అని రాసుంది. "ఏముంది అన్నా, పాతది తీసి కొత్తది పెట్టడమేగా" అన్నాడు పక్కనున్న ఫ్రెండు. పెట్టాం, పైకి లేవలేదు. ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దాను, లేవలేదు. విసుగొచ్చి ఇంకో పది రుద్దాను. వెన్నలా లేచింది! ఇద్దరం తెగ సంబరపడ్డాం. తర్వాత గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే మనిషి) ఆ పిస్టల్ చెవి దగ్గర పెట్టుకుని, హ్యామర్‌ని వేలితో కొంచెం వెనక్కి లాగాడు. ‘టిక్’ మంది. మీట తీసి పక్కన పడేసి, "ఇంకోటి కొనుక్కో" అన్నాడు. ఆ టిక్ సంగతి కింద చెప్తాను.

పనికి ముందు తూటాలన్నీ వేరే గదిలో పెట్టేయండి. ఖాళీ చేసేటప్పుడు వరస తప్పకూడదు. ముందు తూటాలుండే మేగజైన్ తీయాలి, ఆ తర్వాతే పైన ముందుకీ వెనక్కీ జరిగే స్లైడ్ వెనక్కి లాగాలి. తిరగేసి చేస్తే ఛాంబర్లో (పేలేముందు తూటా కూర్చునే చోటు) ఉన్న రౌండ్, అంటే తూటా, బయటికొస్తుంది కానీ స్లైడ్ ముందుకెళ్తూ మేగజైన్లోంచి ఇంకోటి లోపలికి తోస్తుంది. మనమేమో ఖాళీ అయిందనుకుంటాం. ఛాంబర్‌ని కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి. మధ్యలో టీకి లేచి వచ్చినా మళ్లీ మొదటినుంచి చూడాల్సిందే. కళ్లద్దాలు తప్పనిసరి. మీట లాగగానే ఆ గొట్టంలోని చీల, స్ప్రింగు ఎగిరి ముఖం మీదికొస్తాయి. మాది సోఫా కిందకి పోయింది, వెతకడానికే అరగంట పట్టింది.

కొత్త మీట పైకి లేవకపోతే వెంటనే ఆకురాయి అందుకోకండి. హ్యామర్ పూర్తిగా వెనక్కి ఉందా చూడండి. హ్యామర్ కిందికి ఉంటే ఈ పిస్టల్లో మీట లేవకూడదు. లేస్తే అదే లోపం. తర్వాత చేతిపట్టు చెక్కలు విప్పి చూడండి, చెక్క అంచు మీటకి తగులుతూ ఉండొచ్చు. గొట్టం వదులై కదులుతోందేమో కూడా చూడాలి. ఇవేవీ కాకపోతే అప్పుడు బుడిపె. దాన్ని కావాలనే కాస్త ఎక్కువ లోహంతో చేస్తారు, ఏ పిస్టల్‌కి ఆ పిస్టల్‌కి సరిపెట్టుకోవడానికి. మార్కర్‌తో నలుపు పూసి, పెట్టి తీస్తే ఎక్కడ రాసుకుంటోందో తెలుస్తుంది. సన్న ఆకురాయితో అక్కడ మాత్రమే రెండు మూడు రుద్దులు, మళ్లీ పెట్టి చూడటం. గంట పట్టినా సరే. తీసిన లోహాన్ని తిరిగి అతికించలేం కదా. సియర్ జోలికి, హ్యామర్ కొక్కేల జోలికి అస్సలు పోకండి. అది గన్‌స్మిత్ పని.

ఇప్పుడు పరీక్ష. పిస్టల్ ఖాళీ అని మళ్లీ చూసుకుని, గురి సురక్షితమైన వైపు పెట్టండి. హ్యామర్ వెనక్కి లాగి, మీట పైకి వేసి, పట్టు గట్టిగా పట్టుకుని ట్రిగ్గర్ బలంగా నొక్కండి. వదలండి. ట్రిగ్గర్ మీద వేలు తీసేసి మీట కిందికి దించండి. అప్పుడు హ్యామర్ పడిపోతే ఆ పిస్టల్ పక్కన పెట్టేయాల్సిందే. పడకపోతే అక్కడితో ఆగకండి. చెవి దగ్గర పెట్టి హ్యామర్‌ని కొద్దిగా వెనక్కి లాగండి. టిక్ వినిపిస్తే, మీట పైకున్నప్పుడు మీరు ట్రిగ్గర్ నొక్కితే సియర్ కాస్త జరిగిందన్నమాట, ఇప్పుడు తిరిగి సర్దుకుంది. ఈరోజు కొంచెమే జరిగింది, అరిగేకొద్దీ ఇంకా జరుగుతుంది. మీట రెండు వైపులా ఉండే రకమైతే ఈ పరీక్ష ఒక్కో వైపు నుంచీ చేయాలి. మధ్యలో రెండు ముక్కలు కలిసే చోట వదులుంటే ఒక వైపు పూర్తిగా లేచినా రెండోది సగంలోనే ఆగుతుంది.

పట్టు వెనకున్న సేఫ్టీకి వేరే పరీక్ష. హ్యామర్ వెనక్కి లాగి, మీట కిందికి ఉంచి, ఆ సేఫ్టీ నొక్కుకుపోకుండా పిస్టల్ పట్టుకుని ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ కదలకూడదు. కోల్ట్ కంపెనీ 1983 నుంచి సిరీస్ 80 అనే రకంలో, తూటాని తాకి పేల్చే ఫైరింగ్ పిన్‌కి అడ్డుపడే భాగం కూడా పెట్టింది. అది ఉంది కదా అని మీట విషయంలో ధీమా పనికిరాదు.

ఇదంతా అమెరికాలో తుపాకీ ఉంచుకోవడానికి చట్టం అడ్డురానివాళ్లకే. హెచ్‌-1బి లాంటి వీసా మీదున్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. కాబట్టి "ఒకసారి పట్టుకో" అని రూమ్మేట్ చేతికివ్వకండి. ఇండియాలో అయితే 1959 ఆయుధాల చట్టం కింద రిపేరు షాపుకి కూడా లైసెన్సు కావాలి, అక్కడికే తీసుకెళ్లాలి.

అన్నీ బాగున్నా మొదటి రోజు షూటింగ్ రేంజ్‌లో మేగజైన్ నిండా వేయకండి. ఒక్క రౌండ్ వేసి కాల్చండి. సరిగ్గా ఉంటే రెండు వేయండి. స్లైడ్ ముందుకి రాగానే హ్యామర్ కూడా దాంతోపాటు పడిపోతోంటే అక్కడే ఆపి, ఖాళీ చేసి, గన్‌స్మిత్ దగ్గరికి పట్టుకెళ్లండి. పాత మీట కూడా తీసుకెళ్లండి. ఎక్కడ ఎంత రుద్దారో దాచకుండా చెప్పండి.