బొగ్గుబాయి బూట్లకు కొత్త లేసులు ఎలా ఎంచుకోవాలి?

బూటు లేసు తెగితే చాలామందిమి తెగిన కొసలు రెండూ ముడేసి షిఫ్టుకు వెళ్లిపోతాం. ఆ ముడి కన్నంలో దూరదు. దాంతో కింద లేసు వదులుగా ఉండిపోతుంది, పైన మాత్రమే బిగుస్తుంది. మడమ బూటులో కదిలి కదిలి మధ్యాహ్నానికి పొక్కు లేస్తుంది. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని బల్లార్షా, ఘుగ్గుస్, రాజురా వైపు బొగ్గుబాయిల్లో, వర్క్‌షాపుల్లో పనిచేసే మనవాళ్లకు ఇది తెలిసిన నొప్పే. లేసు ఖరీదు తక్కువే కానీ ఎనిమిది గంటలు కాలిని పట్టి ఉంచేది అదే. అందుకే చేతికి దొరికింది కాకుండా చూసి కొనండి.

ముందు పాత లేసు ఎక్కడ తెగిందో చూడండి. ఇది చేయకుండా దుకాణానికి వెళ్లొద్దు. నేను రెండు వానాకాలాల్లో నాలుగు జతలు మార్చాను. ప్రతిసారీ ఎడమ బూటుదే, పైనుంచి మూడో కన్నం దగ్గరే తెగేది. లేసులే నాసిరకం అనుకున్నాను. ఒక సెలవురోజు బూటును వెలుతురులో పెట్టి ఆ కన్నంలో చిటికెన వేలు తిప్పాను. వేలికి సన్నగా గీసుకుంది. తుప్పు పట్టి కన్నం చుట్టూ ఉండే రింగు అంచు చీలింది, గోరంత రేకు లోపలికి లేచి ఉంది. లేసు బిగించిన ప్రతిసారీ ఆ రేకు రెండు మూడు పోగులు కోస్తూ వచ్చిందన్నమాట. చెప్పులు కుట్టే తాత ఆ రింగు పీకి కొత్తది కొట్టిచ్చాడు. పది నిమిషాల పని. ఆ తర్వాత వేసిన లేసు వాన వెళ్లి చలి వచ్చినా చెక్కుచెదరలేదు.

మీరు వేలు పెట్టకండి. చిన్న దూదిపింజను ప్రతి కన్నంలోంచి లాగండి. పోగులు చిక్కుకున్న చోట అంచు పదునుగా ఉన్నట్టు. చిన్న గరుకైతే సన్న ఎమెరీ కాగితంతో రుద్దితే పోతుంది, రేకు లేస్తే రింగు మార్పించాల్సిందే. లేసు ఒక్కచోట కాకుండా పొడవునా నూగులేచి సన్నబడిందంటే తప్పు కన్నానిది కాదు, బొగ్గుపొడి, నల్లరేగడి బురద కలిసి అరగదీశాయి.

తర్వాత పొడవు. తెగిన ముక్కలను నేలమీద వరసగా పరిచి టేపుతో కొలవండి. పాతది పారేసి ఉంటే పురికొస తీసుకుని లేసులాగే అన్ని కన్నాల్లోంచి ఎక్కించండి. పనిలో వేసుకునే మందపాటి సాక్సు తొడుక్కుని, బూటు వేసుకుని, ముడి కూడా వేయండి. కొసలు ఎక్కడ ఆగాలో అక్కడ గుర్తు పెట్టి, తీసి కొలవండి. సుమారుగా ఆరు జతల కన్నాలుంటే 120 నుంచి 140 సెంటీమీటర్లు, ఎనిమిది జతలకు 150 నుంచి 180 వరకు పడుతుంది. కానీ బూటు వెడల్పును బట్టి మారుతుంది కాబట్టి కొలతే నమ్మండి. మీ కొలత రెండు సైజుల మధ్య పడితే పెద్దది తీసుకోండి, మరీ పెద్దది మాత్రం వద్దు. వేలాడే లేసు కన్వేయర్ బెల్టు దగ్గర ప్రాణం మీదికి తెస్తుంది.

లావు సంగతి: బరువు బూట్లకు 4 నుంచి 5 మిల్లీమీటర్ల గుండ్రటి లేసు బాగుంటుంది. హుక్కులున్న బూట్లకు గుండ్రటిదే తేలిగ్గా జారి ఎక్కుతుంది. ఇక్కడి దుకాణాల్లో మరాఠీలో 'జాడ్, గోల్, లాంబ్' అంటే చాలు, లావుది, గుండ్రటిది, పొడుగుది తీసిస్తారు. బూటును వెంట తీసుకెళ్లి కొస కన్నంలో దూరుతుందో లేదో అక్కడే చూసుకోండి.

ఇప్పుడు అసలైన ఎంపిక, దేనితో చేసింది? నూలు లేసు ముడిని బాగా పట్టుకుంటుంది. కానీ తడిని పీల్చుకుని, బురదలో నాని, కుళ్లిపోతుంది. బాయి బూట్లకు అది వద్దనే చెబుతాను. నైలాన్ గట్టిదే, అయితే తడిస్తే సాగుతుంది. పొద్దున బిగించినది మధ్యాహ్నానికి వదులవుతుంది. పాలిస్టర్ నీటిని దాదాపు పీల్చుకోదు, సాగడమూ తక్కువ. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా తడిలో నిలబడేవాళ్లకు నా ఓటు దానికే.

చంద్రపూర్ ఎండ 47 డిగ్రీలు దాటినా లేసు కరగదు. నైలాన్, పాలిస్టర్ కరగాలంటే 220 నుంచి 260 డిగ్రీల వేడి కావాలి. వెల్డింగ్ రవ్వకు అంతకు మించి వేడి ఉంటుంది. అందుకే వెల్డర్లు, కొలిమి దగ్గర పనిచేసేవాళ్లు కెవ్లార్ లాంటి అరామిడ్ లేసు తీసుకోవాలి. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లలో వాడే పోగు అదే. అది కరగదు. కానీ ఎండ వెలుతురులో బలం తగ్గుతుంది, కాబట్టి బూట్లను నీడలోనే ఆరబెట్టండి.

ప్యాకెట్ మీద ఏమీ రాసి లేకపోతే, ఇంటికొచ్చాక కొసన ఉన్న ప్లాస్టిక్ గొట్టం కాకుండా లోపలి పోగు ఒకటి లాగి, బయట, పట్టకారుతో పట్టుకుని అంటించండి. కాగితంలా మండి బూడిదైతే నూలు. కరిగి గట్టి పూసలా ముద్దకడితే నైలాన్ గానీ పాలిస్టర్ గానీ.

ఎక్కించేటప్పుడు రెండు బూట్లకూ కలిపి మార్చండి. పాతది ఒకటి, కొత్తది ఒకటి అయితే బిగింపు తేడాగా ఉంటుంది. ముడి వేశాక పైనుంచి చూడండి. రెండు చెవులూ బూటుకు అడ్డంగా పడితే ముడి సరిగ్గా ఉన్నట్టు. వేళ్ల నుంచి మడమ వైపుకు నిలువుగా తిరిగితే తప్పుగా పడినట్టు. అప్పుడు మొదటి మెలికను ఎదురు దిక్కుగా తిప్పి వేయండి. 2017లో అమెరికాలోని బర్క్‌లీ పరిశోధకులు లేసులు ఎందుకు ఊడతాయో పరిశీలించారు. అడుగు నేలను తాకినప్పటి దెబ్బ ముడిని వదులు చేస్తుందట, ఊగే కొసలు దాన్ని లాగేస్తాయట. బరువు బూటుతో ఈ దెబ్బ ఎక్కువే కాబట్టి మిగిలిన కొసలను బూటు లోపలికి దోపేయండి. లేసును చీలమండ చుట్టూ తిప్పి బిగించొద్దు, నరం మీద ఒత్తిడి పడుతుంది.

కొత్త లేసు మొదటి షిఫ్టులో కొంచెం సాగుతుంది. టిఫిన్ తినే వేళకు ఒకసారి కింది కన్నం నుంచి లాగుతూ వచ్చి మళ్లీ బిగించండి.