డిమెన్షియా రోగి 'వద్దు' అన్నప్పుడు వార్డులో ఏం చేయాలి

స్నానానికి లేపితే చెయ్యి విదిలించినా, స్పూను తోసేసినా కేస్ షీట్‌లో 'మొండికేస్తున్నారు' అని రాయకండి. ఆ మాట పడితే ఇక కారణం ఎవరూ వెతకరు. నొప్పి, మూత్రం బిగబట్టడం, మలబద్ధకం, దాహం, పెట్టని కళ్లజోడు, బ్యాటరీ అయిపోయిన వినికిడి మిషన్... ముందు ఇవి చూడండి.

నొప్పి ఎక్కడో చెప్పలేనివారికి పెయినాడ్ (PAINAD) అనే, చూసి నొప్పిని అంచనా వేసే స్కేలు వాడండి: ఊపిరి, మూలుగు, ముఖం, ఒంటి కదలికలు, ఓదారిస్తే ఊరుకుంటున్నారా. ఒక్కోదానికి 0 నుంచి 2, మొత్తం 10. కదలకుండా పడుకున్నప్పుడు వేసిన స్కోరును నమ్మకండి; పక్కకు తిప్పేటప్పుడు కూడా వేయాలి.

నిన్నటిదాకా బాగున్న మనిషి గంటల్లోనో, ఒకట్రెండు రోజుల్లోనో మారిపోతే డెలీరియం (ఉన్నట్టుండి వచ్చే మతి గందరగోళం) అని అనుమానించి వెంటనే డాక్టరుకు చెప్పండి. అరిచేవాళ్లను అందరూ గమనిస్తారు. ఉన్నట్టుండి మగతగా, మాటాపలుకూ లేకుండా అయిపోయినవాళ్లను 'హాయిగా పడుకున్నారు' అనుకుని వదిలేస్తాం. అక్కడే ప్రాణం మీదికొస్తుంది.

దగ్గరికి ఎప్పుడూ ఎదురుగానే వెళ్లండి. ఒకసారికి ఒకటే మాట: "చెయ్యి ఇవ్వండి." తర్వాత మనసులో పది లెక్కపెట్టండి. ఆలోపు ఇంకోటి చెబితే మొదటిది చెదిరిపోతుంది.

తినిపించడానికి తొందర అసలు పనికిరాదు. మగతలో ఉంటే పెట్టొద్దు. వీపు నిటారుగా ఉండేలా కూర్చోబెట్టి, మీరూ కూర్చోండి. నిలబడి పెడితే రోగి గడ్డం పైకెత్తుతారు, ముద్ద ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు. స్పూను ఆయన వేళ్ల మధ్య ఉంచి, మీ అరచేతిని ఆయన చేతి కింద ఆనించి నోటిదాకా తీసుకెళ్లండి. చాలామందికి ఆ అలవాటైన కదలికతోనే నోరు తెరుచుకుంటుంది. స్పూనుకు సగమే నింపండి. కంఠం పైకి లేచి దిగాకే రెండోది. చివర్లో బుగ్గల్లో మిగిలిందేమో చూడండి. దగ్గు వచ్చినా, గొంతు తడిగా గరగరలాడినా ఆపేసి నర్సుకు చెప్పండి. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు.

సెలైన్ సూది పీకేస్తున్నారని చేతులు కట్టేస్తే పెనుగులాట, భయం ఇంకా పెరుగుతాయి. ఆ సూది ఇంకా అవసరమేనా అని డాక్టరును అడగండి. అవసరమైతే పైన వదులుగా కట్టు చుట్టి, పొడుగు చేతుల చొక్కా తొడిగి, ట్యూబు కంటికి కనపడకుండా వెనకవైపు నుంచి వెళ్లేలా పెట్టండి. కట్టు విప్పి వాపు, ఎరుపు ఉన్నాయేమో ప్రతి షిఫ్టులోనూ చూడాలి.

డ్యూటీ అప్పగించేటప్పుడు 'సహకరించలేదు' కాదు, 'ఎడమ వైపు తిప్పితే మూలిగారు, కుడి వైపు తిప్పితే ఊరుకున్నారు' అని చెప్పండి.