వెబ్ హోస్టింగు స్వయంబోధిని, 5వ పాఠం: పీహెచ్‌పీ వెర్షను మార్చాక విరిగిన ఊరి పేర్లు

గత పాఠంలో సైటును, దాన్ని నడిపే ప్రోగ్రామింగు భాష అయిన పీహెచ్‌పీ 7.4 వెర్షను నుంచి 8.3కు మార్చమని చెప్పాను. ఈ పాఠంలో క్రాన్ పనుల (చెప్పిన వేళకు వాటంతట అవే నడిచే పనుల) సంగతి చెప్పవలసి ఉంది కానీ, మీ దగ్గరి నుంచి వచ్చిన ఉత్తరాలు చూశాక దాన్ని వాయిదా వేయక తప్పలేదు. రాయగడ వారి దుకాణాల పట్టిక చక్కగా వచ్చింది. బరంపురం, పర్లాకిమిడి వారి పట్టికలో మాత్రం ఊరి పేరు సగంలో తెగి, చివర నల్లని డైమండులో ప్రశ్నార్థకం కనబడింది. "కొత్త వెర్షనుకు తెలుగు రాదు" అని తీర్మానించి కొందరు 7.4కు తిరిగి వెళ్లిపోయారు. 7.4కు భద్రతా సవరణలు 2022 నవంబరు 28తోనే ఆగిపోయాయి కనుక అక్కడ ఉండిపోవడం కుదరదు. పైగా ఈ తప్పు 8.3ది కాదు.

మీలో చాలామంది దింపుకున్న రెడీమేడ్ టెంప్లేటు ప్రతి పేరునూ సబ్‌స్టర్ అనే ఫంక్షనుతో 20 దగ్గర కత్తిరిస్తుంది. ఆ 20 అక్షరాలు కావు, బైట్లు, అంటే కంప్యూటరు అక్షరాలను దాచుకునే చిన్న ముక్కలు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. అన్ని లిపులనూ బైట్లుగా రాసే పద్ధతి అయిన యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ, సున్నకూ విడివిడిగా మూడేసి బైట్లు కావాలి. ఒడియాకూ, మహారాష్ట్రలోని సిరొంచ వైపు వారు రాసుకునే మరాఠీకీ ఇదే లెక్క. "రాయగడ" కంటికి నాలుగక్షరాలే అయినా దీర్ఘంతో కలిపి ఐదు గుర్తులు, అంటే 15 బైట్లు; 20కి లోపలే ఉంది కాబట్టి బతికిపోయింది. "బరంపురం" ఏడు గుర్తులు, 21 బైట్లు. కత్తెర సరిగ్గా చివరి సున్న మీద పడి, దాని మూడు బైట్లలో రెండే మిగిలాయి. "పర్లాకిమిడి" 33 బైట్లు కనుక "పర్లాక" దాకా వచ్చి, "కి" గుడి మధ్యలో విరిగింది.

మరి 7.4లో డైమండు ఎందుకు కనబడలేదు? కత్తిరించిన పేరును పేజీలో పెట్టే ముందు టెంప్లేటు దాన్ని హెచ్‌టీఎమ్‌ఎల్ స్పెషల్ చార్స్ అనే ఫంక్షను గుండా పంపుతుంది. 7.4లో ఆ ఫంక్షను, విరిగిన బైటు ఒక్కటి తగిలినా మొత్తం పేరునే ఖాళీ చేసి ఇచ్చేది. 8.1 నుంచి దాని సహజ ప్రవర్తన మారి, విరిగిన చోట మాత్రమే డైమండు గుర్తును పెట్టి మిగతాది చూపిస్తోంది. అంటే బరంపురం గడి పాత వెర్షనులోనూ పాడయ్యే ఉంది. ఖాళీ గడిని చూసి, ఎవరో పేరు నింపలేదనుకుని ఊరుకున్నారు. వెర్షను మార్చగానే బయటపడిన తప్పునంతా వెర్షను నెత్తిన రుద్దే ఈ అలవాటు నాకు బొత్తిగా గిట్టదు.

దిద్దుబాటు చిన్నది. సబ్‌స్టర్ ఉన్న చోట ఎమ్‌బీ సబ్‌స్టర్ పెట్టండి. అది బైట్లను కాక గుర్తులను లెక్కిస్తుంది. "బరంపురం పట్టు చీర" ఖాళీలతో సహా 17 గుర్తులే కాబట్టి పూర్తిగా వస్తుంది.

ఇలా దిద్దినవారిలోనూ కొందరికి పేజీ తెల్లగా వచ్చి, 500 ఎర్రరు కనబడింది. మీ హోస్టింగులో సెలెక్ట్ పీహెచ్‌పీ వెర్షన్ అనే పేజీ ఉంటే, అందులో ఎక్స్‌టెన్షన్ల (పీహెచ్‌పీకి అదనంగా తగిలించే ఫంక్షన్ల కట్టల) టిక్కులు వెర్షను వారీగా ఉంటాయి, 7.4లో పెట్టిన టిక్కులు 8.3కు వాటంతట అవి రావు. 8.3ను ఎంచుకుని, ఎమ్‌బీ సబ్‌స్టర్ ఉండే ఎమ్‌బీస్ట్రింగ్ దగ్గర టిక్ పెట్టండి. వెర్షను "నేటివ్" అని ఉంటే అక్కడ టిక్కులు మార్చనివ్వదు, కనుక ముందు అంకె ఉన్న వెర్షనును ఎంచుకోవాలి. వర్డ్‌ప్రెస్ వాడేవారికి ఈ బాధ తెలియదు. ఆ ఎక్స్‌టెన్షను లేకపోయినా ఎమ్‌బీ సబ్‌స్టర్‌కు బదులు ఫంక్షనును అదే సమకూర్చుకుంటుంది.

తెల్ల పేజీ వచ్చినప్పుడు ఊహాగానాలు వద్దు. సర్వరు తప్పులను రాసుకునే ఎర్రర్ లాగ్ ఫైలు తెరిచి చివరి వరుస చదవండి. ఆ ఫంక్షను నిర్వచించలేదన్న మాట అక్కడ ఉంటే టిక్ లోపమే. ఎర్రర్లను పేజీ మీదనే కనబడేలా పెట్టమని కొందరు సలహా ఇస్తారు. దానివల్ల ఫైళ్ల దారులు వచ్చినవారందరికీ కనబడతాయి కాబట్టి నేను ఒప్పుకోను.

ప్యానెల్‌లో 8.3 అని ఉన్నా సైటు 7.4లోనే నడుస్తున్నవారు, పాత హోస్టింగు నుంచి తెచ్చిన హెచ్‌టీయాక్సెస్ అనే సెట్టింగుల ఫైలులో, ఏ వెర్షను నడపాలో చెప్పే పాత హ్యాండ్లరు వరుస మిగిలిందేమో చూసుకోండి.

అభ్యాసం: ఒక సబ్‌డొమైనులో, దిద్దని టెంప్లేటుతోనే, గుణుపురం, జయపురం, ఛత్రపురం, కోరాపుట్, పర్లాకిమిడి పేర్లతో పట్టిక పెట్టండి. ప్రతి పేరుకూ బైట్లు ఎన్నో, 20 దగ్గర ఏ గుర్తు విరుగుతుందో, 7.4లో ఏమి కనబడుతుందో, 8.3లో ఏమి కనబడుతుందో ముందే కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే రెండు వెర్షన్లలోనూ తెరిచి పోల్చండి. తర్వాత అవే ఊళ్లను ఒడియా లిపిలో రాసి మళ్లీ లెక్కించండి. కాగితానికీ తెరకూ తేడా వచ్చిన పేర్లు మాత్రమే నాకు పంపండి.