గేమ్ కొనే ముందు, కొన్నాక

ముందస్తు బుకింగ్‌కు తొందరపడకండి. 2020 డిసెంబరులో విడుదలైన సైబర్‌పంక్ 2077 పాత కన్సోళ్లపై (టీవీకి తగిలించి గేములు ఆడుకునే యంత్రాలపై) ఎన్ని లోపాలతో నడిచిందంటే, సోనీ దానిని తన స్టోర్ నుంచి తొలగించి, కొన్నవారికి సొమ్ము తిరిగి ఇవ్వవలసి వచ్చింది. అందువల్ల ఒక వారం ఆగి, మీకున్నటువంటి కంప్యూటర్‌పైనే ఆడి చూపిన వీడియోను చూశాకే కొనండి.

కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో కొన్న 14 రోజులలోపు, ఆట 2 గంటలు దాటకుండా ఉంటే, వాపసు అడగవచ్చు. నెల్లూరులో మా అన్నయ్య కొడుకు గ్రాఫిక్స్ సెట్టింగులు మారుస్తూనే గంటన్నర గడిపేశాడు. ఆట తెరిచి ఉన్నంతసేపూ ఆ గడియారం తిరుగుతూనే ఉంటుందని వాడికి తెలియదు. అప్పటి నుంచి ఆట మొదలుపెట్టిన సమయాన్ని క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసుకుంటున్నాడు. (పంచాంగం చూసుకోవడానికి మా వదినకు చోటు మిగలడం లేదు.)

వాపసు నిరాకరిస్తే రసీదును, లోపం కనిపించే స్క్రీన్‌షాట్లను, కంపెనీ ఇచ్చిన జవాబును భద్రపరచి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. అప్పటికీ తేలకపోతే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే, అంటే నెల్లూరువారు నెల్లూరులోను, ప్రకాశంవారు ఒంగోలులోను, వివాదం తలెత్తిన రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు దాటకపోతే రుసుము ఉండదు.